వీపుకు అంటని గోడ

మా ఊరి బంగారు గనులు మూతపడిన కొన్నేళ్లకు మేము సొంతిల్లు కట్టుకున్నాం. అంతవరకు కంపెనీ లైన్లలో, వరసగా ఒకదానికొకటి అతుక్కుని ఉండే గదుల్లో ఒకటి మాది. అక్కడ గోడకు ఏం పూయాలన్న ప్రశ్నే ఎప్పుడూ రాలేదు. క్రిస్మస్ దగ్గర పడితే అందరూ సున్నం కొట్టేవాళ్లు, అంతే. ఆ తర్వాత కొన్ని నెలల పాటు గోడకు ఆనుకున్న ప్రతి మనిషి వీపూ తెల్లగా ఉండేది. మేము లైన్ల పిల్లలమని మా టీచరు వెనక నుంచి చూసే చెప్పేసేది.

కొత్త ఇంటి గోడలకు సిమెంటు పూత ఆరగానే మా అమ్మ ఒకే ఒక షరతు పెట్టింది. ఏది పూసినా సరే, ఆనుకుంటే వీపుకు అంటకూడదు.

నాయన మాత్రం సున్నమే కావాలన్నాడు. ముప్పై ఏళ్లు భూమి కింద పనిచేసిన మనిషి, మాటలు తక్కువ. ఎందుకని అడిగితే సున్నం సున్నమే అనేవాడు. అంతకుమించి ఆయన దగ్గర వాదన లేదు.

మేస్త్రీది బూదికోట పక్కన పల్లె. ఆయనది మూడో దారి. పుట్టీ పట్టించి, నున్నగా రుద్ది, పైన మంచి రంగు వేస్తే గోడలో మొహం చూసుకోవచ్చన్నాడు. పుట్టీ అంటే గోడకు పౌడరు పూయడమేననీ, కింద ఎంత డొల్ల ఉన్నా కనబడదనీ నాయన అన్నాడు. మేస్త్రీకి రోషం వచ్చింది. తను పూసిన గోడలో డొల్ల ఉంటే చూపించమన్నాడు.

గనిలో పనికి దిగిన ప్రతిసారీ ముందు పైకప్పు రాయిని ఇనప కడ్డీతో తట్టి, మోతను బట్టి అది గట్టిదో కాదో తెలుసుకునేవాళ్లట. ఆ అలవాటుతో నాయన ఒక చేతికర్ర తీసుకుని ఆ రోజంతా ఇల్లు మొత్తం తట్టాడు. చెవి గోడకు ఆనించి విన్నాడు. ఎక్కడా డొల్ల దొరకలేదు. సొంత ఇల్లు గట్టిగా ఉందని సంతోషించాల్సింది పోయి, సాయంత్రానికి అలిగినట్టు మెట్ల మీద కూర్చున్నాడు.

నేను తెల్లవారుజాము రైలుకు బెంగళూరు వెళ్లి, పొద్దు పోయాక తిరిగి వచ్చేదాన్ని. నాయన ఫిర్యాదు గుమ్మంలో, అమ్మ ఫిర్యాదు పొయ్యి దగ్గర వినాలి. వారం రోజులు విన్నాక నాకు ఓపిక పోయింది. హాలు గోడ మీద మూడు చోట్ల మూడు రకాలూ పూయించమని మేస్త్రీకి చెప్పాను. ఒకటి సున్నం, ఒకటి డిస్టెంపరు, ఒకటి పుట్టీ పైన రంగు. ఆరాక చూసి తేల్చుకుందామన్నాను.

చూసి తేల్చుకోవడం అమ్మకు సరిపోలేదు. ఆనుకుని తేల్చుకోవాలంది. ఆదివారం చర్చి నుంచి రాగానే నాయన్ను కోటు విప్పనివ్వలేదు. ఆయనకున్న ఒకే ఒక మంచి బట్ట ఆ నల్ల కోటు. దాంతోనే ఆయన మూడు చోట్లా వీపు రుద్దాలి, తను వెనక్కి తిప్పి చూస్తుంది. నాయన వెళ్లి రంగు గోడకు రుద్దాడు. కోటు నల్లగానే ఉంది. డిస్టెంపరుకు రుద్దాడు. కొంచెం పొడి అంటింది. సున్నం దగ్గరికి వచ్చేసరికి మాత్రం వీపు ఆనీ ఆననట్టు నిలబడ్డాడు. గట్టిగా రుద్దమని అమ్మ, రుద్దుతున్నాననీ ఆయనా.

అప్పుడే మా చర్చి అయ్యగారు గుమ్మంలోకి వచ్చారు. కొత్త ఇంట్లో ఒకసారి ప్రార్థన చేసి పోదామని వచ్చిన మనిషికి, కోటు వేసుకుని ఎనుములాగా గోడకు వీపు రుద్దుకుంటున్న నాయన కనబడ్డాడు. అమ్మ సిగ్గుపడి సంగతంతా చెప్పింది. అయ్యగారు శ్రద్ధగా విని, తామూ చూస్తామన్నారు. తెల్లని నిలువుటంగీతో సున్నం గోడకు వీపు గట్టిగా ఆనించి, అటూ ఇటూ కదిలి, ఇవతలికి వచ్చి వెనక్కి తిరిగారు.

"ఏమీ అంటలేదే అమ్మా. సున్నం బాగానే ఉండాది."

నాయన మొహం వెలిగిపోయింది. అమ్మ అయ్యగారి వీపు వంకా, గోడ వంకా చూసి నెమ్మదిగా అంది.

"అయ్యగారూ, మీ అంగీ తెల్లది గదా."

ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు.

అయ్యగారు వెళ్లాక అమ్మ కోటు దులుపుతూ, ఇంత మొండితనం ఎందుకని నాయన్ను అడిగింది. ఈసారి ఆయన సున్నం సున్నమే అనలేదు.

"కింద అంతా చీకటే గదా. పైకి తీసుకుపోయే షాఫ్టు దగ్గర, తొట్టి కోసం మేము నిలబడే చోట మాత్రం గోడకు సున్నం కొట్టి ఉంటారు, దీపం వెలుగు బాగా పారుతుందని. పని ముగించి నడుచుకుంటా వస్తే దూరం నుంచే తెల్లగా కనబడుతుంది. ఇంగ పైకి పోతామని ధైర్యం వస్తుంది. అంతే."

ఇన్నేళ్లలో ఆయన గని గురించి అంత మాట్లాడటం నేను వినలేదు. అమ్మ కోటు దులపడం ఆపింది.

"యాడ కొట్టిద్దాము?" అంది.

వెనక చిన్న గదికి సున్నం, మిగతా ఇంటికి పుట్టీ, రంగు అని తేలింది. మేస్త్రీ చిన్న గదికి సున్నం తన చేత్తో కొట్టనని, పనివాడిని పంపాడు. ఆ పూత నచ్చక నాయన మళ్లీ తనే కొట్టుకున్నాడు. నున్నటి హాల్లో అమ్మ చుట్టాలందరినీ కూర్చోబెట్టి, వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆపి వాళ్ల వీపులు చూసేది.

ఏప్రిల్ వచ్చింది. మొహం చూసుకోగలిగిన హాలు పెనంలా కాలింది. నాయన గది మాత్రం చల్లగా ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ చాపా దిండూ చంకన పెట్టుకుని ఆ గదిలోకి వెళ్లింది. కిటికీ ఉత్తరం వైపు ఉండటం వల్లే ఆ చల్లదనమని మాకందరికీ వివరించింది. నాయన తల ఊపి, ఆమె పడుకోవడానికి చోటిచ్చి, గోడ వైపు జరిగాడు.