మునగపాక చెరకు తోటలో నేను రాసుకున్న సున్నాలు

ప్రజారోగ్యం చదివేవాళ్లకు చివరి ఏడాది ఒక పరిశోధన తప్పదు. వలస వచ్చి చెరకు కొట్టే కూలీలకు వైద్యం ఏ మాత్రం అందుతోందన్నది నేను ఎంచుకున్న అంశం. విశాఖలో ఆరింటి బస్సెక్కి ఏడుంపావుకు అనకాపల్లిలో దిగాను. ఇడ్లీ తిని, మునగపాక వైపు షేర్ ఆటో ఎక్కితే డ్రైవరు ముప్పై రూపాయలు తీసుకున్నాడు. నా చేతిలో కాగితాల కట్ట చూసి, "అవన్నీ రాసీసరికి సెరుకు గానుక్కెళ్లిపోద్దండి" అని నవ్వాడు.

తోటలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఆరు జంటలు పనిచేస్తున్నాయి. మగవాళ్లు నరుకుతుంటే ఆడవాళ్లు ఆకు తీసి మోపులు కడుతున్నారు. జబ్బు వల్ల గత నెలలో ఎన్ని రోజులు పని మానేశారన్నది నా ముఖ్యమైన ప్రశ్న. వరసగా అందరూ ఒక్కరోజు కూడా లేదన్నారు. సున్నాలు చుట్టుకుంటూ పోయాను. ఎంత గట్టి మనుషులో అని మురిసిపోయాను కూడా. నా తెలివితేటలు అంతవరకే.

చివరగా రాములమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ కుడి అరచేయి గుడ్డకట్టు దాటి వాచిపోయి ఉంది. కొడవలితో తెగి నాలుగు రోజులైందట, రాత్రి జ్వరం కూడా వచ్చిందట. ఆసుపత్రికి ఎందుకు వెళ్లలేదని అడిగాను.

"నేనెల్తే మోపులెవులు కడతారమ్మా? మా ఆయన నరికింది అలాగే పడుంటాది. సాయంత్రానికి గానుక్కి అందాల."

కొట్టిన చెరకు గానుగాడటం ఆలస్యమైతే బెల్లం సరిగా రాదు. దగ్గర్లోని ఆసుపత్రిలో ఓపీ మధ్యాహ్నానికే అయిపోతుంది. అప్పటికే పది దాటింది. కాగితాలు గట్టు మీద పెట్టి, ఆవిడ పని నేను చేస్తానన్నాను. అలవాటు లేని చేతులని ఆవిడ భర్త సణిగాడు గానీ, చివరికి తనే ఆటో ఎక్కించి వచ్చాడు.

చెరకాకు నా ముంజేతులను గీరి పారేసింది. నేను కట్టిన మోపుల్లో సగం, పాపం, ఆవిడ భర్తే విప్పి మళ్లీ కట్టుకున్నాడు. ఒంటిగంటకు రాములమ్మ తెల్లటి కట్టుతో తిరిగొచ్చింది. చీము తీశారట, ఇంకా ఆలస్యమైతే చెయ్యికే ముప్పని చెప్పారట. వింటుంటే నాకు భయమేసింది. ఆవిడ వివరాలు రాసే కాగితం తీసి, పని మానేసిన రోజులు ఎన్నని రాయమంటారని అడిగాను.

"సున్నాయే రాయమ్మా. మా పని ఆగనేదు కదా."

సున్నాయే రాశాను. తిరుగు బస్సులో మిగతా సున్నాలు చూసుకుంటుంటే సిగ్గేసింది. నేను ఆరోగ్యం అనుకున్నదంతా వాళ్లు ఓర్చుకున్న నొప్పి. ఆ ప్రశ్న కొట్టేసి, 'మీరు ఆసుపత్రికి వెళితే మీ పని ఎవరు చేస్తారు?' అని రాసుకున్నాను. రేపు మళ్లీ మొదటి జంట దగ్గర నుంచి అడగాలి.

మీరూ ఇలాంటి పనిమీద వెళుతుంటే, కాగితాలతో పాటు పొడుగు చేతుల పాత చొక్కా ఒకటి సంచిలో పెట్టుకోండి.