నర్సింగం తాత, లేని మోకు

నర్సింగం తాత విల్లు ఎత్తితే ముందుగా భయపడేవి కాకులు. ఎదురుగా నిలబెట్టిన గడ్డిమోపు జోలికి ఆయన బాణం పోయిన పాపాన పోలేదు. దాని మీదుగా ఎగిరి, గోడ దాటి, వెనకున్న బీడులో పడేది. ఆదివారాలు మెదక్ మైదానానికి వచ్చే పదిమందిలో అందరికన్నా ఎక్కువ నడిచేది తాతే. ఎవరి బాణాలు వాళ్లే ఏరుకోవాలి మరి.

ఆయన నలభై ఏళ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. రెండేళ్ల కింద వానకు తడిసిన చెట్టు మీంచి జారి మోకాలు పాడుచేసుకున్నాడు. ఇక చెట్టెక్కవద్దన్నారు డాక్టరు. అప్పటినుంచి భార్య ఆగమ్మ వండే కూరలో ఉప్పు మీద తీర్పులు చెప్పడమే ఆయన పని. ఆగమ్మ విసిగి, "ఈ ముసలోణ్ని యాడికన్న తీస్కపోవే" అని మనవరాలు మమతను బతిమాలింది. పది ఫెయిలై జాకెట్లు కుట్టుకుంటున్న మమత, ఆయనను బెంజమిన్ సార్ దగ్గర వెదురు విల్లు నేర్చుకోవడానికి చేర్చింది.

వచ్చే ఆదివారం ఆరు బాణాల్లో నాలుగు గడ్డికి గుచ్చినవాళ్లను సంగారెడ్డి పోటీకి పంపుతారు. అరవై దాటినవాళ్లకూ చోటుంది. తాత పైకి అనలేదు గానీ ఆ చోటు ఆయనకు కావాలి. చెట్టు దిగినప్పటినుంచి ఆయనను ఎవరూ ఏ పనికీ పిలవలేదు.

"తాతా, నడుము నిటారుగ పెట్టుండ్రి" అనేవాడు బెంజమిన్ సార్.

"పెట్టిన గద సార్" అనేవాడు తాత, వెనక్కి వాలిపోయి.

బుధవారం ఇంటి వెనక సాధన చేస్తుంటే మమత పకపకా నవ్వింది. "తాతా, నీ ఎనక మోకు లేదు!"

మోకంటే చెట్టునూ గీసేవాడి నడుమునూ కలిపి చుట్టే తాడు. పైన రెండు చేతులకూ పనుంటుంది గనుక ఒళ్లంతా దానికి ఆనించి వెనక్కి వాలాలి. చెట్టును కావలించుకున్నవాడు జారతాడు, మోకును నమ్మినవాడు ఇంటికొస్తాడు. చేతులెత్తి పనిచెయ్యడమంటే తాత నడుముకు తెలిసిన అర్థం ఒక్కటే: వాలడం.

తాతకు రోషం వచ్చింది. "నలభై ఏండ్లు నన్ను బతికించింది గీ వాలుడేనే. జాకెట్లు కుట్టుడనుకున్నవా?"

"మరి చెట్టు ఎక్కేటప్పుడు సుత వాల్తవా?"

"మోకు పైకి ఎగరేసేటప్పుడు ఎట్ల వాల్తరే పిచ్చిదానా! వదులు చెయ్యాలె గద. బరువంత పాదాల మీదికి తెచ్చి, నిట్టనిలువుగ..."

అంటూనే తన పాదాలకేసి చూసుకున్నాడు. తాత మళ్లీ విల్లు అందుకున్నాడు.

నారిని చెంపదాకా లాగాడు. నడుము అలవాటుగా వెనక్కి పోబోయింది. "మోకు ఎగరెయ్!" అని అరిచింది మమత. బరువు పాదాల్లోకి దిగింది, రొమ్ము నిలిచింది, వేళ్లు నారిని వదిలాయి. బాణం గడ్డికి రెండు గజాల ముందు నేలలో దిగబడింది.

"కింద పడ్డది!" అని తాత గంతేశాడు. మోకాలు గుర్తొచ్చి కూర్చుండిపోయాడు. ఆయన బాణం కింద పడటం అదే మొదలు.

ఆదివారం మొదటి బాణం గడ్డి అంచును గీరుకుని పోయింది. తర్వాతి మూడూ గుచ్చుకున్నాయి. మూడూ చూసి తాతకు గర్వం వచ్చింది. గర్వం వెంట వాలు వచ్చింది. ఐదోది గోడ దాటింది.

ఇక ఒక్కటే మిగిలింది. మమత నోరు తెరవబోతే తాత కళ్లతోనే కసిరాడు. తనలో తానే ఏదో అనుకుంటూ పెదవులు కదిపాడు. పాదాలు నేలను గట్టిగా పట్టాక వేళ్లు వదిలాడు. గడ్డిమోపు కింది మూలన టప్పుమంది. మూలైనా గడ్డి గడ్డే.

బెంజమిన్ సార్ ఫారం తీసి తాత పేరు రాశాడు. నేర్పినవాళ్ల పేరు దగ్గర తన పేరు మొదలుపెట్టాడు.

"ఆగుండ్రి సార్" అన్నాడు తాత. "గాడ మమత అని రాయుండ్రి."

"అరే, నేర్పింది నేను గాదా?"

"మీరు నిటారు అన్నరు సార్. అది నా నడుముకు ఎరుకలేని మాట."

సార్ నవ్వాపుకుంటూ మమతను చూశాడు. "మరి నీకు సర్టిఫికెట్ ఏమన్న ఉన్నదా?"

"టెన్త్ ఫెయిల్ మెమో ఉన్నది సార్. తేవాల్నా?"