జుబాల్ ఓటు పలికిన గొంతు

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఆ రోజుల్లో ఓటంటే నోటిమాటే. చీటీలు లేవు, పెట్టెలు లేవు. కోర్టు మెట్ల మీద బల్ల వేసుకుని, ఎన్నిక జరిపే జిల్లా అధికారి షెరీఫు కూర్చునేవాడు. ఓటరు ముందుకొచ్చి, తనకు కావలసిన మనిషి పేరు అందరికీ వినబడేలా పలకాలి. ఆ మనిషి పక్కనే బెంచీ మీద ఉండేవాడు, లేచి వంగి కృతజ్ఞత చెప్పేవాడు. ఎవడు ఎటువైపో ఊరంతటికీ తెలిసేది. తిట్టదలచుకుంటే మొహం మీదే తిట్టుకునేవారు. ఎంత హాయిగా ఉండేదో!

పీపాలు చేసే హోసియా ప్రూయిట్ ఏటా ఆగస్టులో ఓటెయ్యడానికి బండి కట్టేవాడు. పక్కన జీనులు కుట్టే జుబాల్ కెంప్ ఎక్కేవాడు. కొండలు దాటి కలిసి వచ్చినవాళ్ళు, పక్కపక్కనే దుంగల ఇళ్ళు వేసుకున్నవాళ్ళు. రాజకీయాల దగ్గర మాత్రం ఒకడు ఎడ్డెమంటే ఒకడు తెడ్డెం. కోర్టుకి పదకొండు మైళ్ళు. పోట్లాడుకుంటూ పోయేవారు, పోట్లాడుకుంటూ వచ్చేవారు. దారిలో వాగు దగ్గర ఆగి మొక్కజొన్న రొట్టె తినేటప్పుడు కూడా నోరు కట్టేసుకున్నది లేదు.

పద్ధెనిమిది వందల పంతొమ్మిదో సంవత్సరం వచ్చేసరికి దేశపు బ్యాంకు గొడవ ముదిరింది. ఫిలడెల్ఫియా నుంచి నడిచే ఆ బ్యాంకు రాష్ట్రంలో శాఖలు పెట్టింది. రాష్ట్రం వాటి మీద పన్ను వేసింది. ఆ వసంతంలోనే దేశపు పెద్ద కోర్టు, దాని మీద పన్ను వేసే అధికారం ఏ రాష్ట్రానికీ లేదని తేల్చేసింది. హోసియాకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మన నేల మీద కట్టిన ఇంటికి మనం పన్ను వేయకూడదంటానికి వాళ్ళెవర్రా? రేపు నా కొట్టంలోకొచ్చి పీపాకి ఎన్ని కట్లెయ్యాలో కూడా చెప్తారా?" అనేవాడు.

"ఊరికో బ్యాంకు, బ్యాంకుకో నోటు కాగితం. నది దాటితే ఆ కాగితం పొయ్యిలోకే. దేశం ఒకటైనప్పుడు డబ్బు ఒకటి కావద్దూ, మొద్దూ?" అనేవాడు జుబాల్.

రాష్ట్రం పక్షాన మికాజా ట్రేబ్యూ, బ్యాంకు పక్షాన లూషియస్ వార్డ్‌లా శాసనసభకి నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే జుబాల్ గొంతులో పుండు లేచింది. జూన్‌లో బొంగురుపోయింది, జూలైలో మాటే పడిపోయింది. మంచు పడే దాకా ఉండడని వైద్యుడు చెప్పేశాడు. పెదవులు కదిలించి ఊపిరి వదిలితే, చెవి ఆనించినవాడికి ఏదో వినబడేది. అది కూడా ఇరవయ్యేళ్ళుగా ఆ మాట విన్న హోసియాకే అర్థమయ్యేది.

ఎన్నిక నాడు జుబాల్ టోపీ పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. కొడుకు తీసుకెళ్ళనన్నాడు. దారిలోనే పోతావు, పోతే ఆ పాపం నాకెందుకన్నాడు. హోసియాకి ఒళ్ళు మండింది. పరుపు తెచ్చి బండిలో వేసి, స్నేహితుణ్ణి ఎత్తి పడుకోబెట్టాడు. తన పక్షానికి వ్యతిరేకంగా పడే ఓటుని తన గుర్రంతోనే మోయిస్తున్నానని తెలియక కాదు. తెలిసే తోలాడు.

షెరీఫు ఇబ్బందిలో పడ్డాడు. సైగలు చెల్లవన్నాడు. చాలాసేపు పుస్తకం తిరగేసి, ఓటరు తన మాట ఒక మనిషి చెవిలో చెప్పి అతనిచేత పలికించుకోవచ్చని ఒప్పుకున్నాడు. పలికాక అది పుస్తకంలో రాయడమే, మళ్ళీ మార్చేది లేదన్నాడు.

జుబాల్ వేలు హోసియా వైపు లేచింది.

వార్డ్‌లా మనుషులు గోల పెట్టారు, దొంగ చేతికి తాళాలిస్తున్నావేమిటని. ట్రేబ్యూ మనుషులకి నవ్వు ఆగలేదు. మిల్లు యజమాని ఏమోస్ హోసియా భుజం మీద చెయ్యి వేశాడు. హోసియా చేసే పీపాల్లో సగం కొనేది అతనే.

"బాబాయ్, నువ్వేం విన్నావో దేవుడికి తప్ప ఎవరికీ తెలీదు. ఇది మన రాష్ట్రం పరువు. ఆలోచించుకో," అన్నాడు మెల్లగా.

హోసియా ఆలోచించాడు, అబద్ధమెందుకు. రాష్ట్రం హక్కంటే అతనికి ప్రాణం. పోయేవాడికి ఒక్క ఓటు ఎటుపోతేనేం అనిపించింది కూడా. వంగి చెవి ఆనించాడు. వేడి ఊపిరి తగిలింది. పేరు స్పష్టంగానే వినబడింది. జుబాల్ కళ్ళు మూసుకున్నాడు. ఇంక తన పని అయిపోయినట్టు, అంత నిశ్చింతగా మూసుకున్నాడు. అది చూడలేకపోయాడు హోసియా.

"జుబాల్ కెంప్ ఓటు లూషియస్ వార్డ్‌లాకి!" అని అరిచాడు. తన సొంత ఓటు కూడా ఏనాడూ అంత గట్టిగా పలికి ఉండడు.

వార్డ్‌లా లేచి వంగాడు. నాకు కాదు, ఆ పడుకున్నవాడికి వంగమన్నాడు హోసియా. తర్వాత తన ఓటు ట్రేబ్యూకి పలికాడు. ట్రేబ్యూ లేచాడు గానీ తల వంచలేదు.

చివరికి ట్రేబ్యూయే నలభైకి పైగా ఓట్ల తేడాతో నెగ్గాడు. జుబాల్ ఓటు ఎవరికీ ఒరగబెట్టిందేమీ లేదు. ఏమోస్ మాత్రం ఆ ఏడాది పీపాలు వేరేచోట కొన్నాడు.

తిరుగు దారిలో హోసియా మొదలుపెట్టాడు. బ్యాంకుని తిట్టాడు, కోర్టుని తిట్టాడు, వార్డ్‌లా వంశాన్ని తిట్టాడు. తన వాదనలన్నీ వరసగా, ఎవరూ అడ్డం రాకుండా, మొదటిసారి పూర్తిగా చెప్పుకోగలిగాడు. జుబాల్ బండిలో పడుకుని ఆకాశం చూస్తూ నవ్వుతున్నాడు, చప్పుడు లేకుండా.

నాలుగో మైలు దగ్గర హోసియా గుర్రాన్ని ఆపేశాడు.

"ఏదో ఒకటి అనరా," అన్నాడు. "నాది తప్పని అనరా, ఒక్కసారి."