సుశీలమ్మ గారు నాతో చెప్పించిన మాట

నిన్న ఓపీ గదిలోకి ఒక పెద్దాయన అడుగుపెట్టగానే గొర్రెల మంద వాసన గుప్పుమంది. చినుకులకు తడిసి సగం ఆరిన గొంగడి వాసన అది. నర్సు ముఖం పక్కకు తిప్పుకుంది. నాకు మాత్రం డాక్టర్ సుశీలమ్మ గారు గుర్తొచ్చారు.

ఆవిడ గురించి మీరు విని ఉండరు. గోరంట్ల వైపు ఒక చిన్న ఆసుపత్రిలోనే ఉద్యోగ జీవితమంతా గడిపేశారు. పొట్టి మనిషి. రోగి చేయి పట్టుకుంటే అతను చెప్పడం పూర్తయ్యేదాకా వదిలేవారు కాదు. చదువు ముగించి నేను అక్కడ చేరేనాటికి పుస్తకాల్లోని జ్వరాలన్నీ నాకు కంఠతా వచ్చు. కానీ గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో పెరిగినదాన్ని. గొర్రె ఎట్లా ఈనుతుందో కూడా తెలియదు.

ఆ ఏడు నరసింహులు అనే కాపరి జ్వరంతో వచ్చాడు. రక్తపరీక్షలో టైఫాయిడ్ అన్నట్టు వచ్చింది, మందులు రాశాను. నాలుగు రోజులు తగ్గి మళ్లీ తిరగబెట్టింది. మళ్లీ అవే రాశాను. మూడోసారి వచ్చినప్పుడు బెంచీ మీద కూర్చోలేక నేల మీదే పడుకున్నాడు. భార్య గంగమ్మ పక్కన నిలబడి, "టీబీ అంటాండారు మేడం ఊర్లో. గిన్నె కూడా వేరే పెట్టమంటాండారు. మంద వెంబడి పొయ్యేవాళ్లు లేరు, అమ్మేద్దామనుకుంటాండాం" అంది. ఇంకా బలమైన ఇంజెక్షన్ రాయబోతున్నాను. అటుగా వెళ్తున్న సుశీలమ్మ గారు ఆగి, అతని పక్కనే నేల మీద కూర్చున్నారు.

"యాడ నొప్పి నాయనా?"

"నడుము మేడం. రాత్రయితే చెమట్లు. జరం వస్తాది, పోతాది."

"గొర్రెలు బాగుండాయా?"

జ్వరంతో పడి ఉన్న మనిషిని గొర్రెల క్షేమం అడుగుతున్నారేమిటని నాకు విసుగొచ్చింది. నరసింహులు మాత్రం మొదటిసారి తలెత్తాడు. "యాడ బాగుండాయి మేడం! కడుపుతో ఉండేటివి ఐదారు ఈసుకపాయ. చచ్చిన పిల్లల్ని నేనే ఈ చేతుల్తో తీసి పూడ్చినా."

సుశీలమ్మ గారు ఆ చేతులను తిప్పి చూశారు. వేళ్లనిండా ముళ్లు గీరిన గాట్లు. "పాలు కాచుకుంటావా?" అని అడిగితే, "మంద కాడ పొయ్యి యాడుంటాది? పిండుకోని తాగడమే" అన్నాడు. ఆవిడ లేచి నాతో, "బ్రూసెల్లా పరీక్షకు రక్తం పంపించు. గొర్రెల నుంచి మనుషులకు వచ్చే జ్వరం" అన్నారు. అంతే. కోప్పడలేదు.

అనంతపురం నుంచి ఫలితం వచ్చింది. ఆవిడ అనుమానమే నిజమైంది. రెండు రకాల మాత్రలు, ఆరు వారాలు. చీటీ రాసి పంపేయబోతుంటే సుశీలమ్మ గారు నన్ను పక్కకు పిలిచారు.

"మొదటి రెండుసార్లు పొరపాటు పడ్డావని అతనికి చెప్పు."

"ఇప్పుడు జబ్బు తెలిసింది కదా మేడం. చెబితే నమ్మకం పోదా?"

"పోతే పోతుంది. నీ మందు పనిచేయకపోవడం తన ఒంటి లోపమే అనుకుంటున్నాడు. ఆ బరువు అతనిది కాదు."

వెళ్లి చెప్పాను. "అయితే నాది టీబీ కాదు గదా?" అన్నాడు నరసింహులు. కాదన్నాను. "ఆ మాట మా ఊరోళ్లకి ఒగ కాగితం మీద రాసియ్యి మేడం" అన్నాడు. రాసిచ్చాను. ఆరు వారాల తర్వాత నడుచుకుంటూ వచ్చాడు. మందను అమ్మలేదు.

సుశీలమ్మ గారు ఇప్పుడు లేరు. ఆ తర్వాత చాలామందికి, పొరపాటు పడ్డానన్న మాట చెప్పవలసి వచ్చింది. అందరూ నరసింహులులా ఉండరు. పోయిన నెల ఒక తల్లికి, మీ పాప డెంగీని మొదటిరోజు నేను మామూలు జ్వరమనుకున్నానని చెప్పాను. అప్పటికి పాప కోలుకుంది. అయినా ఆ తల్లి "నువ్వేం డాక్టరువమ్మా?" అని, బిడ్డను ఎత్తుకుని వెళ్లిపోయింది. అలా అడిగే హక్కు ఆవిడకుంది. తర్వాతి రోగిని పిలిచి, చేయి పట్టుకుని, చెప్పడం పూర్తయ్యేదాకా విన్నాను.