పెట్రోలు మూతకు పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో మా ఆర్మూరులో గడ్డి కోయడానికి మిషను ఉంటుందని ఎవరైనా అంటే పగలబడి నవ్వేవాళ్లు. గడ్డి అంటే బర్రె తినేది. దానికి కొడవలి చాలు, కొడవలి లేకపోతే బర్రెనే చాలు. అలాంటి ఊళ్లో, అంకాపూర్ రోడ్డు మీద ఒక విత్తనాల కంపెనీ గెస్ట్‌హౌస్‌లో, పెట్రోలు పోసి తాడు లాగితే గుర్రుమని లేచే ఎర్రటి మిషను నా చేతికొచ్చింది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, ఉద్యోగం టెంపరరీ. అయినా నా కాళ్లు నేల మీద ఆనలేదు! మార్కెట్ యార్డుకు పసుపు తెచ్చిన మా మేనమామ బండి ఆపి మరీ చూసి, "కోసిన గడ్డి ఎవలు తింటర్రా?" అన్నాడు. "ఎవలు తినరు మామా, అందం కోసమే" అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి ఎడ్లను అదిలించాడు.

మిషను నాదే గానీ, దాన్ని పెట్టే గది తాళంచెవి మాత్రం తోట చూసే మాలీ చాచా జేబులో ఉండేది. చాచా పదేళ్లు గల్ఫ్‌లో పచ్చిక కోసి వచ్చిన మనిషి. కుడిచేతికి రెండు వేళ్లు సగం వరకే ఉండేవి. (ఎలా పోయాయని అడగాలని నాకు ఒక్కనాడూ తోచలేదు, అంత తీరిక ఎక్కడిది నాకు?) నా తొందర చూసి నాకు 'జల్దీ' అని పేరు పెట్టాడు. "అరే జల్దీ, మిషన్ గరమ్ ఉన్నప్పుడు పెట్రోల్ పోయొద్దు. డబ్బా వంటరూముకు దూరం పెట్టాలె. కింద చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు వైరు పీకాలె. గడ్డి కట్టెతోనే గీకాలె, చేతితోని కాదు" అని రోజూ ఒకే పాఠం. నేను ఆయన వెనక నిలబడి, ఆయన్ను వెక్కిరిస్తూ పెదవులు కదిపేవాణ్ణి.

ఇంతలో గెస్ట్‌హౌస్ చూసే పెద్దసారు ఒక బాంబు పేల్చాడు. "దసరా తెల్లారి ఢిల్లీ నుంచి మన కంపెనీ పెద్దోళ్లు వస్తుండ్రు. లాన్ అద్దం లెక్క ఉండాలె. మంచిగ చేస్తే నిన్ను పర్మనెంట్ చేయమని రాస్త." ఆ మాట చెబితే బీడీలు చుడుతున్న మా అమ్మ చాట పక్కన పెట్టి లేచి నిలబడింది. మా ఇంట్లో పర్మనెంటు అన్న మాట వినబడటం అదే మొదటిసారి.

దసరా నాడు చాచా బోధన్‌లో కూతురింటికి వెళ్తూ తాళంచెవి నాకిచ్చాడు. ఇక ఆగుతానా? ఆయుధపూజ! ఊళ్లో లారీలకు, ట్రాక్టర్లకు, కుట్టుమిషన్లకు పూజలు జరుగుతుంటే నా మిషనుకు ఎవరు చేస్తారు? యార్డు నుంచి మంచి పసుపు తెచ్చి, దంచి, ముద్దగా కలిపి, చక్రానికొక బొట్టు, హ్యాండిలుకు మూడు పెట్టాను. మధ్యలో గుండ్రంగా నుదురులా కనిపించింది పెట్రోలు ట్యాంకు మూత. దానికి అరచేతంత పసుపు మెత్తి, నడుమ కుంకుమ దిద్దాను. బంతిపూల దండ, నిమ్మకాయ, కొబ్బరికాయ, ఏదీ తక్కువ కాలేదు. మా అమ్మ వచ్చి చూసి, "పెండ్లిపిల్ల లెక్క ఉన్నది బిడ్డా" అని కళ్లు తుడుచుకుంది.

తెల్లవారి దండ తీసి తాడు లాగాను. ఒక్క లాగుకే లేచింది! నాలుగు సాళ్లు కోశాక దగ్గి, ఆగిపోయింది. కాసేపాగి లాగితే మళ్లీ లేచింది, రెండు సాళ్లకు మళ్లీ చచ్చింది. పెట్రోలు ఉంది, ప్లగ్గు బాగుంది. అంతలో గేటు దగ్గర జీపు హారన్! పెద్దసారు దండలతో అటు పరుగెత్తాడు. లాన్ సగం గొరిగిన తలలా ఉంది. బ్లేడుకు గడ్డి చుట్టుకుందేమోనని మిషనును ఒక పక్కకు వంచి, కిందికి చెయ్యి పెట్టబోయాను.

"అరే రుక్!"

బస్సు దిగి అప్పుడే లోపలికొస్తున్న చాచా సంచి పారేసి ఉరికొచ్చి, నా కాలరు పట్టి వెనక్కి గుంజాడు. ముందు ప్లగ్గు వైరు పీకాడు. తర్వాత ఆ సగం వేళ్లను నా ముఖం ముందు పెట్టాడు. "నేను గూడ ఒక్కసారే మరిచిన బేటా. మిషన్ ఆగింది గదా అని చెయ్యి పెట్టి తిప్పిన. అది లేసింది. గడ్డి మళ్ల మొలుస్తది, ఏలు మొలుస్తదా?"

రోజూ ఆయన వెనక పెదవులు కదిపి నవ్విన నేను, ఆ క్షణంలో సిగ్గుతో చచ్చిపోయాను.

చాచా మిషను నిలబెట్టి, ట్యాంకు మూత తిప్పాడు. 'స్స్' మని గాలి లోపలికి పీల్చుకుంది. మూతను వెలుగుకు పట్టుకుని చూసి, ముందు నవ్వు ఆపుకున్నాడు, తర్వాత ఆపుకోలేకపోయాడు. "దీనికి గీడ సన్న బొక్క ఉంటది, గాలి పోనీకి. గాలి పోకుంటే పెట్రోల్ కిందికి దిగదు. నువ్వు బొట్టు పెట్టి దాని ముక్కు మూసినవు గదరా!" ఎండి గట్టిపడిన పసుపును మూత నుంచి గీకి, పిన్నీసుతో బొక్క తెరిచాడు. వైరు తగిలించి తాడు లాగగానే మిషను గుర్రుమంది. ఢిల్లీవాళ్లు టీ తాగి బయటికొచ్చేసరికి ఆఖరి సాలులో ఉన్నాను!

"ఇందాక ఎందుకాగింది?" అని పెద్దసారు అడిగితే, చాచా నన్ను కాపాడబోయాడు. నేను ఆగలేక ఉన్నదున్నట్టు చెప్పేశాను, చెయ్యి పెట్టబోయిన సంగతితో సహా. పెద్దసారు కడుపు పట్టుకుని నవ్వాడు, పర్మనెంటుకు రాశాడు, తాళంచెవి మాత్రం చాచాకే ఇప్పించాడు. అది నా చేతికి రావడానికి ఇంకో ఏడాది పట్టింది. చాచా పాఠం తడబడకుండా, ఈసారి ఆయన ముందే నిలబడి, ఒప్పజెప్పాల్సి వచ్చింది.

చాచా ఇప్పుడు లేడు. మా ఇంటి ముందున్న నాలుగడుగుల పచ్చికకు (బర్రె లేని కాలం వచ్చింది మరి) నేనూ ఒక చిన్న మిషను కొన్నాను. ప్రతి దసరాకు దానికి బొట్టు పెడతాను, మూతకు కాదు, పక్కన. పెట్టే ముందు ప్లగ్గు వైరు పీకుతాను. "పూజకు గూడ వైరు పీకుడేంది?" అని మా మనవరాలు నవ్వుతుంది. ఆ పసుపు అంటిన వేళ్లనే ఆ పిల్ల ముందు చాపి లెక్కపెట్టమంటాను. ఒకటి నుంచి మొదలుపెట్టి పది దాకా లెక్కపెట్టి, "అన్నీ ఉన్నయి తాతా" అంటుంది.