డాక్టర్ అంకుల్ కారవాన్, మా బియ్యం బస్తా, లేక్స్ ఎంట్రన్స్ దారి

మా అమ్మాయి అన్వికి బయట తిండి పడదు, నాకు బయటి పడక పడదు. ప్రతి స్కూల్ సెలవుల్లోనూ ఏదో ఒక మోటెల్లో దిగడం, అక్కడి కెటిల్లో నూడుల్స్ ఉడకబెట్టడం, ఆ దుప్పటి ఇంతకుముందు ఎవరు కప్పుకున్నారో అని నేను నిద్ర మానుకోవడం మాకు మామూలైపోయింది. వంటిల్లూ పడకా మన వెంటే వస్తే ఈ బాధ ఉండదని మా ఆయన శ్రీకాంత్ చాలాకాలంగా పోరుతున్నాడు. నేను బ్యాంకులో ఆడిట్ చేస్తాను. అనుమానించినందుకే నాకు జీతమిస్తారు. అందుకని కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఈ కారవాన్ వ్యాన్లలో ఏది చూసినా నాకు ముందు అందులోని లోపమే కనిపించేది, ఇంటికొచ్చాక శ్రీకాంత్ ముఖం చిన్నబోయేది.

చివరికి గ్లెన్ వేవర్లీలో ఒక డాక్టర్ అంకుల్ తమ వ్యాన్ అమ్ముతున్నారని గుడిలో ఎవరో చెప్పారు. గుంటూరు వైపు వాళ్లు, ఈ దేశం వచ్చి చాలా ఏళ్లయింది. చూపు మునుపట్లా లేదు, అందుకే అమ్ముతున్నామన్నారు. అదే సాయంత్రం ఆయన ఇరుకు గరాజ్‌లోకి కారును వెనక్కి సూటిగా పెట్టడం నేను కళ్లారా చూశాను. ధర చూస్తే మార్కెట్ కంటే బాగా తక్కువ. కుడివైపు కింది భాగంలో రంగు కాస్త కొత్తగా మెరుస్తోంది. నేను నేరుగా ఆయన భార్యను, ఆంటీనే అడిగాను, దీనికి ఎప్పుడైనా యాక్సిడెంట్ అయిందా అని. ఆవిడ అంకుల్ వైపు చూసి, "యాక్సిడెంటేం లేదమ్మా" అని టీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది. టీ వచ్చేసరికి చాలాసేపు పట్టింది.

అంకుల్ మాత్రం చాలా ఓపికగా అన్నీ చూపించారు. ముందు వైపు మంచం, మధ్యలో చక్రాల మీదుగా కూర్చునే చోటు, వెనక చివర వంటగట్టు. మంచం కింద పెట్టెలో బరువైన చెక్కదిమ్మలు, ఇనుప పనిముట్లు, నిండు నీళ్ల క్యాన్లు ఉన్నాయి. వాటిని అక్కడే ఉంచండి, పనికొస్తాయి అన్నారు. ఎందుకో చెప్పలేదు. ఇంట్లో చెత్త వదిలించుకోవడానికి భలే దారి దొరికింది ఈయనకు అనుకున్నాను. కొనడానికి ఒప్పుకున్నానుగానీ శ్రీకాంత్‌కు ఒక షరతు పెట్టాను. ఈ వ్యాన్ గురించి వాళ్లు చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం బయటపడినా అమ్మేయాలి, అన్విని దీని ముందు కూర్చోబెట్టుకుని హైవే ఎక్కేది లేదు. సరేనన్నాడు.

ఏప్రిల్ సెలవులు రాగానే సముద్రం ఒడ్డునున్న లేక్స్ ఎంట్రన్స్‌కి బయల్దేరాం. క్లైడ్ నార్త్‌లోని మా ఇంటి ముందే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టాం. ఎదురింటాయన చెత్తబుట్ట పట్టుకుని అలాగే నిలబడి చూశాడు. అంతకుముందు రోజే నేను ముందు పెట్టెలోని చెత్తంతా గరాజ్‌లో దింపించేశాను. వంటసామానంతా వంటగట్టు కిందికి చేర్చాను. పెద్ద బియ్యం బస్తా, గ్రైండర్, కుక్కర్లు, పప్పుల డబ్బాలు, ఆవకాయ జాడీ, అక్కడి కుళాయి నీళ్లను నమ్మలేక ఇంటినుంచి క్యాన్లలో పట్టిన నీళ్లు. మూడు రాత్రులకు ఇంత బియ్యమా అని శ్రీకాంత్ అడిగాడు. దారిలో ఏమవుతుందో ఎవరికి తెలుసు అన్నాను.

వ్యాన్ లేకపోతే ఈ దారి నాలుగు గంటల లోపే. వ్యాన్‌తో ఆరు గంటలు అనుకోండి, డీజిల్ ఇంచుమించు రెట్టింపు తాగుతుంది. ఎనిమిదిన్నరకు బయల్దేరి, బెర్విక్ దగ్గర ఫ్రీవే ఎక్కి, డ్రూయిన్‌లో కాఫీకి ఆగాం. పక్కనే వ్యాన్ ఆపుకున్న ఒక పెద్దాయన, కుక్కను నడిపించుకుంటూ వచ్చి మా వ్యాన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. "యువర్ నోజ్ ఈజ్ అప్ ఎ బిట్, లవ్. టేల్స్ సిట్టింగ్ లో" అన్నాడు. వ్యాన్ ముక్కు లేచింది, తోక వాలింది అని తెలియనివాడు వచ్చి చెబితే నాకు మొదట వచ్చే ఆలోచన ఒక్కటే, మమ్మల్ని వ్యాన్ వెనక్కి తీసుకెళ్లి ముందు కార్లోంచి ఏం దొంగిలిస్తారో అని. థాంక్యూ చెప్పి తలుపులు లాక్ చేసుకున్నాను. ఆయన భుజాలెగరేసి వెళ్లిపోయాడు.

వారగుల్ దగ్గర పల్లంలో దిగుతుంటే వ్యాన్ చిన్నగా తోక ఆడించింది. గాలి అన్నాడు శ్రీకాంత్. మో అనే ఊరు దాటాక మళ్లీ ఆడింది. నేను అద్దంలోంచి కళ్లు తిప్పలేదు. ట్రారల్గన్ దాటి, రెండు వైపులా మైదానం మొదలయ్యాక ఒక పెద్ద ట్రక్కు మమ్మల్ని దాటింది. దాని గాలి తగలగానే వ్యాన్ ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దది. మా కారు వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని విసురుతున్నట్టుంది. "అమ్మా, ద వ్యాన్ ఈజ్ డ్యాన్సింగ్" అంది అన్వి వెనక సీట్లోంచి. నా బిడ్డ వెనక ఉంది, ఆ వెనకే అది ఉంది, ఇంకేమీ తోచలేదు. శ్రీకాంత్ కారు బ్రేకు తొక్కలేదు. కాలు యాక్సిలరేటర్ మీదనుంచి తీసి, స్టీరింగ్ కదలకుండా పట్టుకుని, డ్యాష్‌బోర్డ్ కింద వ్యాన్ బ్రేకులకు విడిగా ఉండే మీటను నొక్కాడు. కొంత దూరానికి వ్యాన్ సద్దుమణిగింది. మెల్లగా రోజ్‌డేల్ చేరి పార్కు పక్కన ఆపాం. ఆయన చేతులు స్టీరింగ్ మీదే ఉండిపోయాయి.

భయం దిగేలోగా కోపం ఎక్కింది. కొత్త రంగు, తక్కువ ధర, ఆలస్యమైన టీ, అన్నీ ఒక్కసారి కలిశాయి. అంకుల్ నంబరుకు ఫోన్ చేస్తే ఆంటీ ఎత్తింది.

"ఆంటీ, వ్యాన్ రోడ్డు మీద ఊగిపోతుంది. బిడ్డ ఉన్నది కార్ల. మీరు మాకు ఏదో దాచిన్రు" అన్నాను.

ఆవిడ చాలా మెల్లగా అడిగింది.

"బియ్యం ఎక్కడ పెట్టావమ్మా?"

ఇలాంటి ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. వెనక, వంటగట్టు కింద అన్నాను. గ్రైండర్ అంది. అదీ అక్కడే అన్నాను. ముందు పెట్టెలో అంకుల్ ఉంచిన దిమ్మలున్నాయా అంది. తీసేసినమని చెప్పాను. అప్పుడు ఆవిడ అంతా చెప్పింది. వాళ్లు కొన్న కొత్తలో అడిలైడ్ వెళుతూ ఆవిడ కూడా వంటగట్టు కిందే బియ్యం, రుబ్బురోలు సర్దిందట. బరువంతా తోకన పడితే కారుకు తగిలించే ముందు కొక్కెం మీద బరువు తగ్గి వ్యాన్ ఊగుతుందని వాళ్లకూ తెలియదు. వ్యాన్ రోడ్డు దిగి గడ్డిలో అడ్డంగా పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కుడివైపు మాత్రం గీసుకుపోయింది. ఆ తర్వాతే అంకుల్ ముందు పెట్టె నింపి ఉంచారు.

"నువ్వు అడిగినప్పుడే చెప్పాల్సిందమ్మా. చెబితే కొనరేమోనని ఆయనకి, నా నిర్వాకం బయటపడుద్దని నాకు. పాప ఎట్లా ఉంది?" అంది.

బాగానే ఉందని చెప్పి ఫోన్ పెట్టేశాను. శ్రీకాంత్ అంతా విన్నాడు. షరతు పెట్టింది నేనే కాబట్టి తీర్పూ నన్నే చెప్పమన్నాడు. "అబద్ధం దొరికింది గదా. అమ్మేద్దామా మరి?" అన్నాడు.

"ముందుగాల బియ్యం దించు" అన్నాను.

బస్తాను చక్రాలకు సరిగ్గా పైన, నేలమీద పెట్టి కదలకుండా కట్టాం. గ్రైండర్ దాని పక్కన. కుక్కర్లు, జాడీ కారు డిక్కీలోకి. నీళ్ల క్యాన్లు ముందు పెట్టెలోకి. డ్రూయిన్ పెద్దాయన చెప్పిన ముక్కు ఇప్పుడు కిందికి దిగింది. ఆయన్ని తలచుకుని సిగ్గుపడ్డాను. అక్కడినుంచి నేనే నడిపాను, తొంభై దాటకుండా. ట్రక్కులు దాటుతున్న ప్రతిసారీ అద్దంలో చూశాను. వ్యాన్ కదల్లేదు. సేల్, బెర్న్స్‌డేల్ దాటి నాలుగున్నరకు లేక్స్ ఎంట్రన్స్ చేరాం. కారవాన్ పార్కులో కరెంటు ఉన్న చోటుకు రాత్రికి అరవై డాలర్ల పైచిలుకు తీసుకున్నారు. నేను పప్పుకు పోపు పెట్టగానే పొగ అలారం మోగింది, ఇదీ చెడిపోయిందే ఇచ్చారా అని మళ్లీ అనుమానపడ్డాను. కిటికీ తెరిస్తే ఆగిపోయింది.

వాళ్లను నేను ఇంకా పూర్తిగా క్షమించలేదు. వెనక సీట్లో ఉన్నది నా కూతురు, ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఆ మైదానంలో మాకు ఆ క్షణాలు వచ్చేవి కావు. అయితే ఆయన ఉంచమన్న బరువును తీయించింది నేనే. చెత్త అంటగడుతున్నారన్న నా అనుమానమే ఆ వ్యాన్ తోకను ఊపింది. అయినా వ్యాన్ అమ్మలేదు. ఏ లోపమూ లేదని చెప్పిన వస్తువు కంటే, లోపం ఎక్కడుందో తెలిసిన వస్తువు నాకు నమ్మకంగా ఉంటుంది, అది నా ఉద్యోగం నేర్పిన బుద్ధి. తిరుగు ప్రయాణంలో గ్లెన్ వేవర్లీలో ఆగాం. ఆంటీ ఈసారి టీ వెంటనే తెచ్చింది, అన్వి తల నిమిరి చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

మొదటిసారి కారవాన్ కొనేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. బరువులు చక్రాల మీదికి రావాలి, తోకన ఏమీ ఉండకూడదు. కొనేటప్పుడు యాక్సిడెంట్ అయిందా అని అడిగితే లేదనే అంటారు. మీరు బియ్యం ఎక్కడ పెట్టేవారు అని అడగండి.