నెమలి పెట్టెతో నరసరావుపేటకు

గురజాల నుంచి నరసరావుపేటకు నేను చాలాసార్లు వెళ్ళాను. ఆసుపత్రికో, పెళ్ళికో. వ్యాపారం మాట్లాడడానికి వెళ్ళడం మాత్రం ఇదే మొదలు. మా ఇంట్లో రేకు పెట్టెలు చేస్తాం. రేకు కత్తిరించి, సుత్తితో మడతలు కొట్టి, రంగేసి, మూత మీద నెమలి బొమ్మ గీసేది మా ఆయన సైదులు. ఏటా ఎండాకాలంలో హాస్టళ్ళకు పోయే పిల్లల కోసం పేటలో కోటేశ్వరరావు గారి కొట్టుకు మా పెట్టెలు వెళ్ళేవి. ఈసారి ఆయన ఫోన్ చేసి, "పెట్టెలు పంపమాకండి, ఎవరూ అడగట్లేదు" అన్నాడు. రేకు అప్పటికే తెచ్చి పెట్టుకున్నాం. మా ఆయన ఫోన్లోనే గొడవేసుకుని సుత్తి మూలన పడేశాడు. ఈ పని మూసేసి హైదరాబాదులో వాచ్‌మన్‌గా చేరతానని తేల్చేశాడు. పోట్లాడిన మనిషి ఎట్లాగూ వెళ్ళడు కాబట్టి, కొత్త రంగేసిన ఒక పెట్టె తీసుకుని నేనే బయల్దేరాను.

పొద్దున ఏడింటికి మాచర్ల నుంచి వచ్చే బస్సు దొరికింది. నలభై ఏళ్ళు దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఎవరినీ అడక్కుండా బోర్డు చదివి ఎక్కడం నాకింకా సరదాగానే ఉంటుంది. ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు. ఆధార్ కార్డు మాత్రం చేతికందేచోట పెట్టుకోండి, సంచి అడుగున వెతుకుతుంటే కండక్టర్ విసుక్కుంటాడు.

"నీకు ఫ్రీయే పిన్నమ్మా, పెట్టెకు కాదు" అన్నాడు ఆ కండక్టర్.

"అదీ ఆడదేనయ్యా, లోపల పిల్ల ఉంది" అన్నాను.

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. లగేజీ టికెట్ మాత్రం తప్పలేదు.

పిల్ల అంటే పిల్ల పెట్టె. మిగిలిన రేకు ముక్కలతో మూరెడు పొడవు పెట్టె ఒకటి చేసి, పెద్ద పెట్టె కొన్నవాళ్ళకు ఊరికే ఇవ్వడం మా మామగారి కాలం నుంచి అలవాటు. గాజులో, చిల్లరో దాచుకుంటారని. ఆ రోజు అందులో నా చపాతీలు, కోడిగుడ్డు పొరటు ఉన్నాయి.

నా పక్క సీట్లో వెల్దుర్తి అవ్వ ఒకామె కూర్చుంది. పెట్టె మీద చెయ్యేసి, "నా పెళ్ళికి ఇట్లాంటిదే పెట్టారమ్మా. ఇప్పుడు అందులో విత్తనాలు పోసుకుంటన్నా" అంది.

"మనవరాలికి ఒకటి కొను అవ్వా."

"అదా! చక్రాల పెట్టె కొనకపోతే కాలేజీకే పోనని కూర్చుంది!"

ఆమె పడీ పడీ నవ్వింది. నేను పెట్టెను కాళ్ళ దగ్గరకు లాక్కున్నాను.

పిడుగురాళ్ళలో బస్సు కాసేపు ఆగింది. సున్నం బట్టీల దుమ్ముకు ముక్కు మూసుకుని పది రూపాయల టీ తాగాను. పదింటికల్లా పేటలో దిగాను. పెట్టెను చూసి ఆటోవాళ్ళు నోటికొచ్చింది అడుగుతారు, బేరమాడండి.

కొట్టు నిండా చక్రాల పెట్టెలే, ఎర్రవీ నీలంవీ. కోటేశ్వరరావు గారు నన్ను చూసి, "రా మస్తానమ్మా. సైదులు తిట్టింది చాలక నిన్ను పంపాడా?" అన్నాడు.

"తిట్టడానికి రాలేదన్నయ్యా. పెట్టె ఒకసారి చూడు."

చూశాడు. మూత తెరిచి మూశాడు. "పనికేం వంక లేదు. కానీ హాస్టళ్ళలో ఇప్పుడు అల్మారాలు ఇస్తన్నారు. ఇంతది ఎక్కడ పెట్టుకుంటారు? పైగా ఈ నెమలిని చూసి పిల్లలు సిగ్గుపడతన్నారు."

అక్కడ ఇంకో కుర్చీలో మెడలో కార్డు వేసుకున్న ఒకాయన కూర్చుని ఉన్నాడు. గుడ్డతో చేసే సూట్‌కేసుల కంపెనీ మనిషట. కోటేశ్వరరావు గారు ఆయన్ని చూపించి, "మొన్నటిదాకా గిరాకీకి వీళ్ళ సరుకు దొరికేదే కాదు. ఇప్పుడు అందరికీ గట్టి ప్లాస్టిక్ డొప్ప పెట్టెలు కావాలి. ఈయన వారానికోసారి వచ్చి మజ్జిగ తాగి పోతన్నాడు" అన్నాడు.

"మజ్జిగన్నా పోస్తన్నారు, సంతోషం" అన్నాడాయన. అంత పెద్ద కంపెనీ మనిషి నా పక్కనే చేతులు కట్టుకుని కూర్చోవడం చూస్తే జాలేసింది, కొంత ధైర్యమూ వచ్చింది.

తిరుగు బస్సుకు ఇంకా టైముందని ఓ మూల కూర్చుని పిల్ల పెట్టె తెరిచి చపాతీ తింటున్నాను. కూతురికి సూట్‌కేసు కొనడానికి వచ్చిన ఒకామె అటు చూసి, "అక్కా, ఆ చిన్న పెట్టె ఎంత?" అంది.

"అమ్మేది కాదమ్మా, నా అన్నం డబ్బా" అన్నాను.

"ఇట్లాంటిది ఉంటే ఇప్పించండి. పోయినేడు మా పెద్దదానికి సున్నుండలు చేసిస్తే, వాటికోసం హాస్టల్లో ఎలుకలు బ్యాగే కొరికేశాయి."

"సగం ఎలుకలు, సగం పక్క మంచాలవాళ్ళు" అంది కూతురు. "దీనికి తాళం పడిద్దా ఆంటీ? అల్మారాలో సరిపోయిద్ది."

కోటేశ్వరరావు గారు కళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు. నేను చపాతీలు తీసి చేత్తో పట్టుకుంటే పెట్టెను అటూ ఇటూ తిప్పాడు. "తాళానికి గొళ్ళెం పెట్టాలి. ఒకటే రంగు. పైన బొమ్మ వద్దు. సైదులు చేస్తాడా?"

"చేస్తాడు" అన్నాను. మా ఆయన్ని అడిగితే కదా!

మేం తెచ్చుకున్న రేకంతా వాటికే పెట్టమన్నాడు కోటేశ్వరరావు గారు. మొదటి బండి సరుకు కాలేజీలు తెరవకముందే కావాలన్నాడు. పిల్ల పెట్టె కడిగి నమూనాకు అక్కడే ఉంచేశాను. పెద్ద పెట్టెను కూడా, బస్సులో అవ్వ మాట చెప్తే నవ్వి, "విత్తనాలకైనా ఎవరో ఒకరు అడుగుతార్లే" అని ఉంచుకున్నాడు.

మూడింటి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. మిగిలిన చపాతీ కాగితంలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఇంటికి ఫోన్ చేశాను.

"ఏమే, కాదన్నాడుగా?"

"పెద్దవి వద్దన్నాడు. హాస్టల్ పిల్లలు సున్నుండలు దాచుకోను పిల్ల పెట్టెలు కావాలంట, ఉన్న రేకంతా."

"అవి ఊరికే ఇచ్చేవి కదే!"

"ఇక ఎవరికీ ఊరికే ఇవ్వమాక. మూత మీద నెమలి కూడా వద్దన్నాడు."

ఇక్కడ గొడవ మొదలైద్దనుకున్నాను. ఆయన గొంతు సవరించుకుని, "మూత లోపల గీస్తా. సున్నుండ తీసుకునేటప్పుడు ఆ పిల్ల చూసిద్ది" అన్నాడు.

పిడుగురాళ్ళ దాటాక నిద్ర పట్టేసింది. చాన్నాళ్ళ తర్వాత పట్టిన నిద్ర. కండక్టర్ లేపితే దిగాను. పొద్దు గుంకుతోంది. చేతిలో బరువేమీ లేదు. మా సందు మలుపు తిరగకముందే రేకు మీద సుత్తి దెబ్బలు వినపడ్డాయి.